ఆసుపత్రి గేటు దాటాక ఎవరు వస్తారు?

కొన్నేళ్ల కిందట పశ్చిమ గోదావరి జిల్లాలోని 30 గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ చేతపట్టుకుని గడపగడపకీ తిరిగారు. అడిగినవి చిన్న ప్రశ్నలే. నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా, చేసే పని మీద మనసు నిలుస్తోందా, ఇంకెందుకీ బతుకు అనిపిస్తోందా? 5,007 మంది పెద్దవాళ్లు జవాబు చెప్పారు. వాళ్లలో 238 మందికి దిగులో, ఆందోళనో, ప్రాణం తీసుకోవాలన్న తలంపో వైద్యుడికి చూపించాల్సినంతగా ఉన్నట్టు తేలింది. అంతకుముందు ఆ బాధ చెప్పుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్లినవాళ్లు ఆ 238 మందిలో ఇద్దరంటే ఇద్దరు.

ఈ పని చేయించింది జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్. మనోరోగ నిపుణుడు పల్లబ్ మౌలిక్ నాయకత్వంలో ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ పేరుతో నడిచింది. ఆశా నమోదు చేసిన వివరాలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడి ట్యాబ్‌కు చేరతాయి. ఆ వైద్యుడు మనోరోగ నిపుణుడు కాదు, జ్వరాలూ దగ్గులూ చూసే ఎంబీబీఎస్ డాక్టరే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలను బట్టి ఏ లక్షణానికి ఏం చేయాలో సాఫ్ట్‌వేర్ ఆయనకు సూచిస్తుంది. ఊళ్లో అపోహలు తగ్గడానికి నాటకం వేయించారు, వీడియోలు చూపించారు, ఇంటింటికీ వెళ్లి మాట్లాడారు. ఇంత చేశాక ఆ 238 మందిలో 30 మంది ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు. అంటే 0.8 శాతం కాస్తా 12.6 శాతమైంది.

అదే జిల్లాలో మరో 12 గ్రామాల్లో ఈ పద్ధతినే పరీక్షించారు. అక్కడ 22,046 మందిని పలకరిస్తే 900 మందికి వైద్యుడి అవసరం కనిపించింది. మొదట్లో డాక్టరును చూసినవాళ్లు 30 మంది. చివరికి 731 మంది చూపించుకున్నారు. ఆ 900 మందిలో 863 మంది ఇళ్లకు ఆశాలు మళ్లీ వెళ్లి ఎలా ఉన్నారో కనుక్కున్నారు.

ఈ రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి ఒకటి గెలిచింది, ఒకటి ఓడింది అనడం తగదు. ఊళ్లు వేరు, జనం వేరు, ఆసుపత్రికి వెళ్లే దారీ వేరు. పైగా రెండింట్లోనూ ‘ముందు, తర్వాత’ అని చూశారే గానీ, ఏమీ చేయని ఊళ్లతో పోల్చి చూడలేదు. ఆ లోటును మూడో దశ తీర్చింది. పశ్చిమ గోదావరితో పాటు హర్యానాలోనూ మొత్తం 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిని చీటీ తీసినట్టు రెండు వర్గాలుగా విడదీసి, సగం చోట్ల ఈ పద్ధతిని అమలు చేశారు. ఏడాది తర్వాత చూస్తే, ఆశాలు వెంటపడి కనుక్కున్న చోట దిగులు తీవ్రత మిగతా చోట్ల కంటే ఎక్కువగా తగ్గింది. మానసిక రోగుల పట్ల జనం వైఖరి కూడా మారింది గానీ ఆ మార్పు చిన్నదే.

గోదావరి జిల్లాల్లో మానసిక ఆరోగ్యం గురించి ఎవరు మాట్లాడినా ఈ అంకెల దగ్గర మొదలుపెట్టాలి. సామాజిక మానసిక వైద్యానికి ఇరుసు, ఇంటికొచ్చి పలకరించే సపోర్ట్ వర్కరే అని ప్రపంచమంతా ఒప్పుకుంటున్న మాటకు మన కాలువగట్ల మీదే రుజువు దొరికింది. ఆ రుజువు దొరికి ఇన్నేళ్లయినా ఆ మనిషికి ఇక్కడ ఒక ఉద్యోగం లేదు, హోదా లేదు, జీతం లేదు. ప్రయోగం కోసం వచ్చిన ట్యాబ్‌ ప్రయోగంతోనే పోతే, ఆ పలకరింపు కూడా దాంతోనే పోతుంది.

మన దేశంలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లోనే వచ్చింది. బళ్లారిలో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థ చేసి చూపిన నమూనా ఆధారంగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. దాని ప్రకారం జిల్లా బృందంలో ఒక మనోరోగ వైద్యుడు, ఒక క్లినికల్ సైకాలజిస్టు, ఒక సోషల్ వర్కర్, నర్సులు, రికార్డులు చూసే సిబ్బంది ఉంటారు. ఈ పోస్టులన్నీ భర్తీ అయినా సరే, వాళ్లు జిల్లా ఆసుపత్రిని అంటిపెట్టుకుని ఉండి, నెలకో రెండు నెలలకో శిబిరానికి వెళ్లగలరు. ఊరికి ప్రతివారం వెళ్లే మనిషి ఆ జాబితాలో లేరు. దేశంలో లక్ష జనాభాకు ముప్పావు వంతు మనోరోగ వైద్యుడు మాత్రమే ఉన్నాడని 2019 నాటి లెక్క. కనీసం ముగ్గురుండాలి. ఆ ముగ్గురూ వచ్చేదాకా ఆగితే ఒక తరం గడిచిపోతుంది.

2015–16లో నిమ్హాన్స్ నిర్వహించిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అందుకే స్మార్ట్ ప్రయోగంలో దొరికిన ఊరి లెక్కలకు మరింత విలువ వచ్చింది.

డెల్టాలో దూరం కూడా ఒక జబ్బు లాంటిదే. అంతర్వేది నుంచో, ఓడలరేవు నుంచో ఒక మనిషిని విశాఖపట్నంలోని మానసిక వైద్యశాలకు తీసుకెళ్లాలంటే రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. తోడుగా ఇద్దరు వెళ్లాలి, రెండు రోజుల కూలి పోవాలి. కాకినాడ పెద్దాసుపత్రి దగ్గరే గానీ అక్కడికైనా పొద్దున్నే బస్సెక్కాలి. 2023లో రాజమహేంద్రవరంలోనూ ఏలూరులోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకోవడం మేలైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విడగొట్టినప్పుడు అమలాపురం, భీమవరం, రాజమహేంద్రవరం కొత్తగా జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరు ఆఫీసు దగ్గరైంది. మానసిక వైద్యుడు మాత్రం అంత త్వరగా దగ్గర కాలేదు.

ఇక అసలు పని సంగతి. ఈ సపోర్ట్ వర్కర్లు రోజంతా ఏం చేస్తారు?

మొట్టమొదటిది మందులు. స్కిజోఫ్రీనియా ఉన్న కుర్రాడికి ఆసుపత్రిలో నయమవుతుంది, ఇంటికొస్తాడు. మందు వేసుకుంటే ఒళ్లు బరువెక్కుతుంది, చేతులు వణుకుతాయి, నోట్లోంచి చొంగ కారుతుంది, పొద్దెక్కేదాకా మెలకువ రాదు. కొబ్బరి దింపే పనికో, చేపల చెరువు కాపలాకో వెళ్లాల్సినవాడు ఆ బిళ్ల వేసుకుని పనిలో నిలబడలేడు. దాంతో మెల్లగా మానేస్తాడు. మానిన వెంటనే ఏమీ కాదు, అదే మోసం. కొన్ని వారాలో నెలలో హాయిగా గడిచాక జబ్బు మళ్లీ తలెత్తుతుంది. ఇంటికొచ్చే మనిషి ఆ వణుకును గమనించి, ‘బిళ్ల మానెయ్యొద్దు బాబూ, డాక్టరు గారితో చెప్పి డోసు సరిచేయిద్దాం’ అని ఆ కబురు వైద్యుడికి అందిస్తే ఆ కుర్రాడు రెండోసారి ఆసుపత్రిలో పడుకోవాల్సిన అవసరం రాకపోవచ్చు. ఈ పనికి ఎంబీబీఎస్ అక్కర్లేదు. గమనించే కన్ను, క్రమం తప్పని రాక, ఫోనెత్తే డాక్టరు ఉంటే చాలు.

రెండోది కాగితాలు. ఇది చాలామందికి చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ పేద కుటుంబానికి ఇదే పెద్దది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక వ్యాధి కూడా ఉంది. 40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం శిబిరంలో ధ్రువపత్రం వస్తే పింఛను అందుతుంది. 2024 జులై నుంచి రాష్ట్రంలో ఆ పింఛను నెలకు 6,000 రూపాయలు. కాలు లేనివాడి వైకల్యం చూడగానే తెలుస్తుంది. మందుల మీద నెమ్మదిగా ఉన్న మనిషి శిబిరం రోజున బల్ల ముందు కూర్చుని పేరూ ఊరూ సరిగ్గా చెప్పేస్తాడు, ఇంట్లో స్నానం చేయించాలంటే గంటసేపు బతిమాలాలన్న సంగతి అక్కడ ఎవరికీ కనిపించదు. ఐడియాస్ అనే కొలమానంలో సొంత పనులు చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట, ఉద్యోగం అన్నీ లెక్కలోకి వస్తాయి. ఆ వివరాలు చెప్పడానికి పాత చీటీలతో సహా పక్కన ఎవరో ఒకరు ఉండాలి. తల్లి ఉంటే చెబుతుంది. తల్లి ముసలిదైతే, చదువు రాకపోతే, ఆ మనిషి తరఫున మాట్లాడేది కార్యకర్తే.

మూడోది ఇంటివాళ్లతో మాట్లాడటం. మొదటి రోజు తలుపు తీసిన తల్లి, ‘మావోడికేం లేదండీ, గాలి సోకిందంతే’ అంటుంది. అక్కడ తాయెత్తును తెంపెయ్యమనడం మొదటికే మోసం. గుడి దగ్గర నిద్ర చేయించుకోండి, చర్చిలో ప్రార్థన పెట్టించుకోండి, దర్గాకి తీసుకెళ్లండి, దాంతో పాటు ఈ బిళ్ల కూడా వేయించండి అని చెప్పగలిగినవాళ్లకే రెండోసారి తలుపు తెరుచుకుంటుంది. పెళ్లి సంబంధం చూసేటప్పుడు జబ్బు సంగతి దాచడం, పెళ్లయ్యాక మందు మాన్పించడం ఈ జిల్లాల్లోనూ ఉన్నదే. ఆడపిల్ల విషయంలో ఇది మరీ దారుణం. జబ్బు బయటపడగానే పుట్టింటికి పంపేస్తారు. ఇక్కడ కార్యకర్త పని న్యాయవాది పనికి దగ్గరగా జరుగుతుంది.

అయితే చాకిరీ మొత్తం ప్రేమతో జరిగిపోతుందనుకోకూడదు. విసిగిపోయిన కుటుంబాలు మనిషిని గదిలో పెట్టి తాళం వేస్తాయి, ఒక్కోసారి కాలికి గొలుసు వేస్తాయి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో కాలిపోయారు. ఆ తర్వాత ఎంత చర్చ జరిగినా గొలుసును నిషేధిస్తూ స్పష్టమైన చట్టం రావడానికి 2017 దాకా పట్టింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదని దాని 95వ సెక్షన్ చెబుతోంది. సమాజంలో అందరితో కలిసి బతికే హక్కును 19వ సెక్షన్ ఇస్తోంది. గుడి దగ్గరా, స్టేషన్ దగ్గరా మతిలేక తిరుగుతున్న మనిషి కనిపిస్తే రక్షణలోకి తీసుకుని 24 గంటల్లో ప్రభుత్వ వైద్యకేంద్రంలో చూపించే బాధ్యతను 100వ సెక్షన్ పోలీసులకు అప్పగించింది. 2027లో గోదావరి పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. తప్పిపోయినవాళ్లనూ, ఎవరూ లేకుండా ఘాట్ల దగ్గర మిగిలిపోయినవాళ్లనూ పోల్చుకోగలిగిన శిక్షణ పొందిన మనుషులు రాజమహేంద్రవరం, కొవ్వూరు ఘాట్లలో ఉండాల్సిన అవసరం గురించి ఇప్పుడే మాట్లాడుకోవాలి.

ఆత్మహత్యకు ప్రయత్నించి బతికినవాళ్ల ఇళ్లలో మరో భయం ఉంటుంది. కేసు అవుతుందేమోనని ఆసుపత్రిలో నిజం చెప్పరు, ఏదో పొరపాటున మింగాడంటారు. దాంతో కడుపు కడిగి పంపించేస్తారు, మనసులో ఏముందో ఎవరూ అడగరు. 2017 చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం అలా ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు, సంరక్షణ అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఇదొక్కటీ ఊళ్లో పదిమందికి చెప్పగలిగితే చాలా ఇళ్లు నోరు విప్పుతాయి.

ఇంతకీ ఈ పని ఎవరు చేస్తున్నారంటే, చేస్తున్నంతవరకూ ఆశాలే చేస్తున్నారు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఈ వ్యవస్థలో సుమారు వెయ్యి జనాభాకు ఒక ఆశా. గర్భిణుల నమోదు, టీకాలు, క్షయ, బీపీ, షుగర్, జ్వరాల సర్వే అన్నీ ఆమె నెత్తినే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆమె గౌరవ వేతనాన్ని 10,000 రూపాయలకు పెంచారు. ఆయుష్మాన్ భారత్ కింద విస్తరించిన 12 రకాల సేవల్లో మానసిక ఆరోగ్యమూ ఉంది కాబట్టి కాగితం మీద అదీ ఆమె పనే. అన్నింటికంటే ఎక్కువ సమయం తినే పనిని, అన్నింటికంటే తక్కువగా లెక్కకొచ్చే పనిని ఆమెకు చివర్లో చేర్చారు. టీకా వేయిస్తే రిజిస్టరులో గీత పడుతుంది. ఏడుస్తున్న మనిషి పక్కన గంటసేపు కూర్చుంటే ఏ గడిలోనూ గీత పడదు.

ఇంకో లోటు ఆశా తప్పు వల్ల వచ్చింది కాదు. ఆశాలంతా ఆడవాళ్లు. 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్నవాళ్లలో దాదాపు 72 శాతం మగవాళ్లు. గోదావరి జిల్లాల్లో వాళ్లెవరో ఊహించడం కష్టం కాదు. కౌలు కట్టి, పంట మునిగి, వడ్డీకి తెచ్చిన డబ్బు తీర్చలేని కౌలురైతు ఉంటాడు. గిట్టుబాటు కాక 2011లో కోనసీమ రైతులు ఏకంగా పంట విరామమే ప్రకటించారు. రొయ్యల చెరువులో ఒక్క రాత్రిలో తెల్లమచ్చ తగిలి లక్షలు పోయిన మనిషి ఉంటాడు. మద్యం దుకాణం దగ్గర రోజు గడిపే కూలీ ఉంటాడు. ఇలాంటి మగవాడు ఇంటికొచ్చిన పాతికేళ్ల ఆశాతో, ‘నాకు చచ్చిపోవాలనిపిస్తోందమ్మా’ అని చెప్పడం అరుదు. చెరువుగట్టు మీద, టీ కొట్టు దగ్గర పక్కన కూర్చోగలిగిన మగ కార్యకర్తలూ కావాలి. తాగుడు మానినవాళ్లు, జబ్బు నుంచి తేరుకున్నవాళ్లు ఈ పనికి బాగా పనికొస్తారు. వాళ్ల మాటకు ఉండే బలం శిక్షణతో రాదు.

కోనసీమలోనూ నరసాపురం వైపూ మరో కథ ఉంది. ఇంటి పనికి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లిన ఆడవాళ్లు ఏళ్ల తరబడి పిల్లల్ని అమ్మమ్మల దగ్గర వదిలి డబ్బు పంపుతారు. తిరిగొచ్చాక నిద్రపట్టని రాత్రులు, ఉలికిపాట్లు, సొంత పిల్లలే కొత్తగా చూసే చూపులు. అక్కడ జరిగినవాటిలో భర్తకు కూడా చెప్పుకోలేనివి ఉంటాయి. ఇలాంటివాళ్ల దగ్గరికి ఆడ కార్యకర్తే వెళ్లాలి. ఆమె ఆ వీధి మనిషి కాకపోతే మరీ మంచిది.

ఊరి మనిషి కావడం వరమూ, చిక్కూ. తలుపు త్వరగా తీస్తారు. కానీ చెప్పిన మాట సాయంత్రానికి రామాలయం అరుగు మీదికి చేరుతుందేమోనన్న జంకు ఉంటుంది. పేట మారితే, కులం మారితే ఆ జంకు ఇంకా పెరుగుతుంది. రహస్యం కాపాడటం గురించి రెండు గంటల ఉపన్యాసం ఇచ్చినంత మాత్రాన ఇది తీరదు. ఎవరి ఇంటికి ఎవరు వెళ్లాలో రోగినే అడిగి, కావాలంటే పక్క ఊరి కార్యకర్తను కోరుకునే వీలు ఇవ్వాలి.

ఫోను ఈ లోటు తీరుస్తుందా? 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీమానస్ ఫోను సేవకు 14416 నంబరులో ఎప్పుడు చేసినా తెలుగులో మాట్లాడేవాళ్లు దొరుకుతారు. పరీక్ష తప్పిన పిల్లవాడికీ, రాత్రిపూట గుండె దడతో లేచే మనిషికీ అది నిజంగా మేలు చేసే సేవ. అయితే తనకు జబ్బే లేదనుకునే మనిషి ఫోను చేయడు. అతని తల్లి చేస్తుంది. ఆ ఫోను పెట్టేశాక ఆ ఇంటికి వెళ్లాల్సింది మళ్లీ ఒక మనిషే.

బయటి అనుభవాలూ ఇదే చెబుతున్నాయి. గోవాలో విక్రమ్ పటేల్, సంగాథ్ సంస్థ కలిసి మానసిక వైద్యంలో డిగ్రీలు లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ఆరు నుంచి ఎనిమిది విడతల సంభాషణతో తీవ్రమైన దిగులును తగ్గించవచ్చని చూపారు. గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో ఆత్మీయత కార్యక్రమం ఊరి స్వచ్ఛంద కార్యకర్తల చేతే బాధితులకు ఊరటనూ, ప్రభుత్వ పథకాలనూ అందిస్తోంది. జింబాబ్వేలో డిక్సన్ చిబాండా ఆసుపత్రి ఆవరణలో బెంచీలు వేయించి, వాటి మీద శిక్షణ పొందిన నానమ్మల్ని కూర్చోబెట్టాడు. స్కిజోఫ్రీనియా విషయంలో మాత్రం ఫలితం అంత తేలిగ్గా రాలేదు. తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మందితో జరిపిన కాప్సీ పరిశోధనలో ఇంటికి వెళ్లే కార్యకర్తల వల్ల మేలు జరిగింది గానీ అది ఒక మోస్తరుగానే ఉంది, ఖర్చూ పెరిగింది. ఆ పని నిపుణుల చేయి తోడుంటేనే నడిచింది. ఈ సంగతి మరిచి, మనోరోగ వైద్యుల బదులు కార్యకర్తలతో సరిపెట్టేద్దామని ఏ ప్రభుత్వమైనా అనుకుంటే అది రోగులకు చేసే అన్యాయం.

గోవా నుంచి నేర్చుకోవాల్సింది మరొకటి ఉంది. అక్కడ కార్యకర్తలు తమ సంభాషణల రికార్డులను ఒకరివి ఒకరు విని, వారం వారం కూర్చుని మాట్లాడుకునేవారు. ఇక్కడ మన ఆశా ఒక ఇంట్లో చావు మాట విని, ఇంకో ఇంట్లో దెబ్బలు తిన్న ఆడమనిషిని చూసి, సాయంత్రం ఇంటికెళ్లి వంట మొదలెడుతుంది. ఆమె విన్నదంతా ఎక్కడ దింపుకోవాలి? నెలవారీ సమావేశంలో అడిగేది టార్గెట్లే.

కాబట్టి గ్రామ ఆరోగ్య కేంద్రం స్థాయిలో ఒక ప్రత్యేక ఉద్యోగం కావాలి. ఆశా గుర్తించి పంపితే, ఆ తర్వాతి భారం ఆ ఉద్యోగిది. నాలుగైదు గ్రామాలకు ఒకరు, అందులో సగం మంది మగవాళ్లు, నెల జీతం, ప్రయాణ ఖర్చు, వారానికోసారి జిల్లా బృందంలోని సైకాలజిస్టుతో కూర్చునే సమయం. విశాఖలోనో కాకినాడలోనో డిశ్చార్జి చేసిన రోజే ఆ కాగితం నకలు ఈ మనిషికి చేరాలి, వారంలోగా ఇంటికి వెళ్లి చూడాలి. మందుల నిల్వ సంగతీ ఈ మనిషి చేతికే ఇవ్వాలి. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగి లంక గ్రామాలకు పడవ తప్ప దారి లేనప్పుడు బీపీ, షుగర్ మందుల మూటతో పాటు ఓలాన్జపీన్, లిథియం బిళ్లలు కూడా వెళ్లాలంటే ఏ ఇంట్లో ఎవరికి ఏ బిళ్ల ఎన్ని రోజులకుందో జూన్ నెలాఖరుకే ఒక జాబితా సిద్ధంగా ఉండాలి.